మురుగు నీళ్లకూ ఒక వంతు పెడదాం: డెల్టా నీటి సంఘాలకు బహిరంగ లేఖ

గోదావరి పశ్చిమ డెల్టా, కృష్ణా తూర్పు డెల్టా నీటి సంఘాల అధ్యక్షులకు, టీసీ (సంఘంలో ఒక్కో భాగం తరఫున ఎన్నికైన) సభ్యులకు నమస్కారం.

నేను కొల్లేటి అంచున నాలుగెకరాలు చేసుకునే శివారు రైతుని, అంటే కాలువ చివరి రైతుని. అందులో ఎకరంన్నర సొంతం, మిగతాది కౌలు. ఒక విడత మా సంఘంలో టీసీ మెంబరుగా కూడా చేశాను. కాబట్టి దీన్ని బయటివాడెవడో రాసిన ఉత్తరం అనుకోకండి. నీటి సంఘం మీటింగులో ఏం మాట్లాడుకుంటామో నాకు తెలుసు. లాకుల దగ్గర మట్టం ఎంతుంది, శివారుకి నీళ్లు ఎప్పుడందుతాయి, కాలువలో తూడు (నీటి కలుపు) తీయించిన బిల్లు పాసయిందా లేదా. నీళ్లు రావడం గురించి గంటసేపు మాట్లాడతాం. పోవడం గురించి మాట్లాడేది ముంపు వచ్చినప్పుడే. పోయే నీళ్లతో పాటు ఏమేం పోతున్నాయన్నది ఒక్కసారి కూడా ఎజెండాలోకి రాలేదు. దాన్ని ఎజెండాలో పెట్టమని అడగడానికే ఈ ఉత్తరం.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. మొన్నటి సార్వాలో (ఖరీఫ్‌లో) నాట్లేసిన నాలుగో రోజున కలుపు మందు ఇసుకలో కలిపి చల్లించాను. మడిలో పలచగా నీళ్లున్నాయి. ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి. ఆ సాయంత్రం పైనుంచి నీళ్లు ఎక్కువొచ్చాయి. పై మడి రైతు తన నాట్లు మునుగుతున్నాయని గట్టు తెంచాడు. మా వైపు మడి నుంచి మడికే నీళ్లు పారతాయి, విడిగా బోదెలు (చిన్న కాలువలు) లేవు. ఆ నీళ్లన్నీ నా చేలో పడ్డాయి. మొన్న వేసిన నాట్లు తేలిపోతాయన్న భయంతో నేను పార తీసుకుని కింది గట్టుకి గండి కొట్టాను. పది నిమిషాల పని. మందు నీళ్లు మురుగు బోదెలోకి దిగిపోయాయి.

పొద్దున వెళ్లేసరికి తూము దగ్గర, గుర్రపుడెక్క సందుల్లో, చేదుపరిగెలు, వేలెడేసి జెల్లలు తేలుతున్నాయి. ఒక మట్టగిడస మాత్రం ఇంకా మూతి పైకి పెట్టి గాలి పీలుస్తోంది. కొల్లేటి లంక నుంచి వచ్చి మా డ్రెయిన్‌లో చేపలు పట్టే మావులు (బుట్టలు) పెట్టుకునే పెద్దాయన గట్టు మీద గొంతుక్కూర్చుని మావు దులుపుకుంటున్నాడు. నన్ను తిట్టలేదు. "మందేశారా బాబూ?" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ చేపలు నా మందు వల్లే చచ్చాయో, దమ్ములో కుళ్లిన గడ్డి వల్ల నీళ్లలో ప్రాణవాయువు తగ్గి చచ్చాయో నేను చెప్పలేను. చెప్పగలిగేది పరీక్ష ఒక్కటే. అందుకే లీటరు బాటిల్‌లో ఆ నీళ్లు పట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్లాను. ఏ ఆఫీసో రాయను, అక్కడున్న ఉద్యోగి మర్యాదగానే మాట్లాడాడు. "ఫ్యాక్టరీ నీళ్లయితే తీసుకుంటామండీ, చేలో నీళ్లు మా పరిధిలోకి రావు" అన్నాడు. ఇంకో ఆఫీసుకి వెళ్తే "పంట కాలువైతే మేం చూస్తాం, మురుగు వేరే డివిజన్" అన్నారు. ఆ బాటిల్ ఇప్పటికీ మా పశువుల పాకలో చూరు కింద ఉంది. అడుగున పచ్చగా పాచి పట్టింది.

వాళ్లన్నదాంట్లో అబద్ధం లేదు. మన దేశంలో జల కాలుష్య నివారణ చట్టం 1974లో వచ్చింది. పరిశ్రమ పెట్టేవాడు మురుగు వదలాలంటే దాని కింద కాలుష్య నియంత్రణ బోర్డు అనుమతి తీసుకోవాలి. వరి చేనుకి అనుమతి అడిగేవాళ్లు లేరు. చేపల చెరువులు తవ్వేవాళ్లకైనా 2020లో ఆక్వా అభివృద్ధి అథారిటీ అంటూ ఒక చట్టం వచ్చింది, మనకి అదీ లేదు. ఎందుకు లేదో నాకు అర్థమవుతుంది. ఫ్యాక్టరీకి ఒకటో రెండో గొట్టాలుంటాయి, వాటి దగ్గర సీసా పెడితే చాలు. మనకి వెయ్యి గండ్లు. ఏ గండి ఎవరు కొట్టారో తెల్లారేసరికి మనకే తెలీదు, అధికారులకేం తెలుస్తుంది?

"ముందు ఫ్యాక్టరీల సంగతి చూడమను, ఊళ్ల మురుగు చూడమను, చేపల చెరువుల సంగతి చూడమను, ఆ తర్వాత మా దగ్గరికి రమ్మను" అని మీలో సగం మంది ఈపాటికి అనుకునే ఉంటారు. నేనూ చాలాకాలం అదే అన్నాను. కొల్లేటిలోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరుతో పాటు పదుల కొద్దీ డ్రెయిన్లు దిగుతాయి. వాటిలో పట్టణాల మురుగుంది, చెరువుల నీళ్లున్నాయి, ఫ్యాక్టరీల నీళ్లున్నాయి. వాటి పక్కన మన వాటా తక్కువే కావచ్చు. ఎంతో మాత్రం కొలిచి చెప్పినవాళ్లు నాకు కనబడలేదు. కొలవనంత కాలం ఎవరి తప్పు ఎవరి మీదికైనా తోసేయొచ్చు. చెరువుల వాళ్లు మన మీద తోస్తారు, మనం వాళ్ల మీద తోస్తాం. 1999లో కొల్లేటిని అభయారణ్యం చేశారు, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో సరస్సులో తవ్విన చేపల చెరువుల గట్లు పేల్చేశారు. ఇన్ని జరిగినా గొడవంతా గట్ల గురించే, సరస్సు హద్దు గీసే కాంటూరు (ఎత్తు గీత) ఎంత అన్నదాని గురించే సాగింది. నీళ్ల గురించి పట్టించుకున్నది తక్కువే.

మన వాటా ఏమిటో కాస్త లెక్క వేసుకుందాం. యూరియా బస్తా 45 కిలోలు. అందులో నత్రజని 46 శాతం, అంటే ఇరవై కిలోల పైచిలుకు. వరి మొక్క అందులో తీసుకునేది మూడో వంతు, మహా అయితే నలభై శాతం అని శాస్త్రవేత్తలు చెబుతారు. మిగతాదంతా డ్రెయిన్‌లో కలుస్తుందని నేననను. చాలావరకు గాలిలో పోతుంది, కొంత నేలలోకి దిగుతుంది. కానీ చల్లిన మర్నాడు గట్టు తెగితే లెక్క మారిపోతుంది. బస్తాకి మనం ఇచ్చేది 266 రూపాయల యాభై పైసలు. అసలు ఖరీదు రెండు వేలకు పైమాటే, తేడా ప్రభుత్వం భరిస్తోంది. చవగ్గా వస్తోంది కాబట్టి పోయినా మనకి నొప్పి తెలియడం లేదు. ఆ నత్రజని తినే గుర్రపుడెక్క అంత జోరుగా పెరుగుతోంది. దాన్ని తీయించడానికి మళ్లీ మనమే ఎస్టిమేట్లు వేయిస్తున్నాం. ఒక చేత్తో ఎరువేసి పెంచి, ఇంకో చేత్తో కూలిచ్చి పీకిస్తున్నామన్నమాట.

మురుగు నీళ్లు సముద్రంలోకి పోయేవే కదా అనుకోవడం కూడా తప్పే. దాళ్వాలో (రబీలో) నీటి ఎద్దడి వస్తే మనం ఏం చేస్తాం? డ్రెయిన్‌కి అడ్డుకట్ట వేసి, ఇంజన్లు పెట్టి ఆ నీళ్లే చేలోకి తోడుకుంటాం. పైవాడు వదిలిన మందు కిందివాడి నారుమడిలోకి వస్తుంది. కొల్లేటిని సముద్రంలో కలిపే ఉప్పుటేరు దాకా పోయిన నీళ్లకైనా దారిలో మనుషులుంటారు. కొల్లేటి లంకల్లో చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం టిన్ను కొనుక్కోవాలి. తాగే నీళ్లలో నైట్రేటు లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన దేశ ప్రమాణం. 2024 చివర్లో కేంద్ర భూగర్భ జల మండలి ఇచ్చిన నివేదిక ప్రకారం, దేశమంతటా తీసిన బావి నీళ్ల నమూనాల్లో దాదాపు ఐదో వంతు ఆ గీత దాటాయి. కారణాల్లో మనుషుల మురుగూ ఉంది, మన ఎరువూ ఉంది.

ఇప్పుడు మనలాంటి వరి రైతుల కథ ఒకటి చెబుతాను. అది మన దేశంలోది కాదు. అమెరికాలో కాలిఫోర్నియా అనగానే మనకి బాదం తోటలూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలూ గుర్తొస్తాయి గానీ, సాక్రమెంటో నది లోయలో లక్షల ఎకరాల వరి ఉంది. నాట్లు ఉండవు, విత్తనాలు విమానంలో చల్లుతారు. 1980ల మొదట్లో అక్కడి కొలుసా డ్రెయిన్‌లో చేపలు పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. మోలినేట్ అనే వరి కలుపు మందు కారణమని తేలింది. అదే సమయంలో దిగువన సాక్రమెంటో నగరంలో కుళాయి నీళ్లు చేదుగా వస్తున్నాయని జనం గోల పెట్టారు. ఆ చేదు థయోబెన్‌కార్బ్‌ది. మన పాత రైతులకు బెంథియోకార్బ్ అన్న పేరుతో తెలిసిన మందే అది.

అప్పుడు వాళ్లు మందు నిషేధించలేదు. మందు చల్లాక ఇన్ని రోజులు చేలో నీళ్లు బయటికి వదలకూడదని నిబంధన పెట్టారు. మొదట కొన్ని రోజులే. తర్వాత పెంచుకుంటూ పోయి నాలుగు వారాల దాకా తీసుకెళ్లారు. మడిలో నిలిచిన నీళ్లలో ఎండకీ, బురదలోని సూక్ష్మజీవులకీ మందు విరిగిపోతుంది. పదేళ్లు తిరక్కుండానే నదిలో కలిసే ఆ మందుల పరిమాణం తొంభై శాతానికి పైగా తగ్గింది. కొత్త యంత్రం లేదు, శుద్ధి ప్లాంటు లేదు. గట్టు తెంచకుండా ఆగడం, అంతే.

తర్వాత 1999లో కాలిఫోర్నియాలో ఇంకో చట్టం వచ్చింది. అంతవరకు సేద్యపు మురుగుకి ఇస్తూ వచ్చిన మినహాయింపులకు గడువు పెట్టి, 2003 నుంచి షరతుల మీద మాత్రమే ఇవ్వాలన్నారు. అయినా నీటి బోర్డు వాళ్లు ప్రతి రైతు గడపా తొక్కలేదు. రైతులే ప్రాంతాల వారీగా సంఘాలు కట్టుకుని, ఎకరానికి ఇంతని వేసుకుని, డ్రెయిన్ల మీద నమూనాలు తీయించి లెక్కలు బోర్డుకి పంపే ఏర్పాటు చేసుకున్నారు. ఎక్కడ గీత దాటితే అక్కడి సంఘం తన రైతులతో మాట్లాడి సరిచేసుకోవాలి. ఇదేదో స్వర్గమని చెప్పడం లేదు. లెక్కలన్నీ సంఘం పేరుతో వస్తుంటే తప్పు చేసినవాడు గుంపులో దాక్కుంటున్నాడని అక్కడి పర్యావరణవాదులు ఇప్పటికీ పోట్లాడుతూనే ఉన్నారు. అది న్యాయమైన మాటే. అయినా అసలు కొలవకపోవడం కంటే గుంపుగా కొలవడం మేలు కదా.

సంఘం అన్న మాట దగ్గరే నాకు మీరు గుర్తొచ్చారు. వాళ్లు కొత్తగా కట్టుకోవాల్సి వచ్చింది. మనకి 1997 నుంచే ఉంది. రైతులే సాగునీటి వ్యవస్థను నడుపుకోవాలని ఆ ఏడాది తెచ్చిన చట్టం కింద మీరు ఎన్నికయ్యారు. ఆ చట్టం మీకు పంట కాలువల పని మాత్రమే ఇవ్వలేదు. చిన్న డ్రెయిన్లు, చేల మురుగు బోదెల నిర్వహణ కూడా మీ విధుల్లోనే పెట్టింది. సాగునీటి వ్యవస్థలోని నీళ్లను పాడుచేయడం నేరమని కూడా అందులోనే రాసి ఉంది. ఆ మాట మీద ఎవరినైనా పిలిచి అడిగిన సంఘాన్ని నేను చూడలేదు. నేను టీసీ మెంబరుగా ఉన్నప్పుడు నేనూ అడగలేదు, ఆ పేజీ దాకా చదవనేలేదు. 1968లో డ్రైనేజీ సెస్ చట్టం తెచ్చి మురుగు కాలువల కోసం మన డెల్టా వాళ్ల దగ్గర డబ్బులు వసూలు చేశారు. అప్పుడు కూడా అడిగింది నీళ్లు ఎంత తొందరగా పోతాయనే.

ఇక మీరేం చేయొచ్చో చెబుతాను. అన్నిటికంటే ముఖ్యం వంతు.

మన దగ్గర ఒక్క రైతు తలచుకుంటే నీళ్లు ఆపలేడు. పై మడి నీళ్లు నా మీద పడతాయి, నేను వదిలితేనే కిందివాడికి అందుతాయి. అమెరికా రైతుకి వందల ఎకరాలు ఒకే గట్టు లోపల ఉంటాయి కాబట్టి అతను ఒక్కడే ఆపగలిగాడు. మనం ఆపాలంటే ఒక తూము కిందున్న ఆయకట్టంతా ఒకేసారి ఆగాలి. అది చేయగలిగేది సంఘమే. ఒక తూము కింద నాట్లు ఎలాగూ వారం పది రోజుల తేడాలో పూర్తవుతాయి. ఆ తూము కింద కలుపు మందు వేసే రోజులు ముందే చాటింపు వేయించండి. ఆ రోజులకి తూము దించండి. పైనుంచి కొత్త నీళ్లు రాకపోతే గండ్లు కొట్టాల్సిన అవసరమే ఉండదు. కనీసం వారం రోజులు. నీళ్లు ఇచ్చే వంతు మనకి కొత్త కాదు, ఎద్దడి ఏళ్లలో లస్కర్ల చేత రాత్రంతా కాపలా కాయించి మరీ అమలు చేశాం. వదలకుండా ఉండే వంతు కూడా అలాంటిదే.

వాన పడితే? పడుతుంది. సార్వాలో వాన పడని వారం ఉండదు. అందుకే గట్లు ఒక జానెడు ఎత్తు పెంచుకోవాలని, ఉపాధి హామీలోనో ఇంకోదానిలోనో ఆ పని పెట్టించమని అడుగుతున్నాను. కుంభవృష్టి వస్తే చేతులెత్తేయాల్సిందే, అది ఎవరి తప్పూ కాదు. మామూలు జల్లుకి కూడా పార పట్టుకుని పరిగెత్తే అలవాటు మాత్రం మానుకోవాలి.

యూరియా సంగతి ఇంకా తేలిక. బురద పదునులో చల్లి, రెండు రోజులాగి పలచగా నీళ్లు పెట్టమని వ్యవసాయ శాఖ వాళ్లు నా చిన్నప్పటి నుంచి చెబుతున్నారు. మనకి తెలియనిది కాదు. అంటే తీసేయాల్సిన నీళ్లు యూరియాకి ముందు తీయాలి, తర్వాత కాదు. ముందు తీసిన నీళ్లతో డ్రెయిన్‌కి నష్టం లేదు. ఆకు రంగు పట్టిక అని ఒక ప్లాస్టిక్ స్కేలు ఉంది. ఆకు పక్కన పెట్టి రంగు పోల్చుకుంటే ఎరువు కావాలో అక్కర్లేదో చెబుతుంది. సంఘానికి పది కొని టీసీకి ఒకటి ఇస్తే చాలు. పక్కవాడి చేను నల్లగా ఉందని మనమూ ఇంకో బస్తా వేసే రోగానికి అంతకంటే చవకైన మందు లేదు.

ఇక పరీక్ష. మీ పరిధిలోని మురుగు బోదెలు పెద్ద డ్రెయిన్‌లో కలిసే చోట్లు ఎన్నుంటాయి? మహా అయితే నాలుగైదు. సీజన్‌కి మూడుసార్లు అక్కడ నీళ్లు పట్టించండి. కలుపు మందు వేసిన వారం, మొదటి పైపాటు యూరియా తర్వాత, పురుగుమందులు కొట్టే పొట్టదశలో. నైట్రేటు, అమ్మోనియా లాంటివి దగ్గర్లోని డిగ్రీ కాలేజీ ల్యాబులో కూడా చూడొచ్చు. పురుగుమందుల పరీక్షకి పెద్ద ల్యాబు కావాలి, ఖర్చూ ఎక్కువే. దానికి ప్రభుత్వాన్ని అడగాలి. వచ్చిన అంకెలు మాత్రం రైతు సేవా కేంద్రం గోడ మీద రాయించండి. ఏ తూము కింద ఎంత వచ్చిందో ఊరందరికీ కనిపించాలి. జరిమానా కంటే ఆ గోడే ఎక్కువ పనిచేస్తుంది, మన ఊళ్ల సంగతి మనకి తెలుసుగా.

డ్రెయిన్ గట్ల మీద గడ్డి మందు కొట్టడం, స్ప్రేయర్లూ ఖాళీ డబ్బాలూ కాలువలో కడగడం గురించి ఎక్కువ రాయను. గ్లైఫోసేట్ అనే గడ్డి మందుని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడకూడదని కేంద్రం 2022లోనే ఉత్తర్వు ఇచ్చింది. మన గట్లు ఎలా మాడిపోయి ఉన్నాయో రోడ్డు మీద పోయే ఎవరికైనా కనిపిస్తుంది.

ఈ లేఖ కాలుష్య నియంత్రణ మండలి పెద్దల కంట పడితే వారికొక మాట. రేపు ఎప్పుడో ఒక కోర్టు అడిగితే, కంగారులో నిబంధనలు తెచ్చి ఎకరానికింత జరిమానా అని రాయకండి. డెల్టాలో చేను చేసేవాళ్లలో ఎక్కువ మంది కౌలు రైతులే. పాస్‌బుక్ ఒకరిది, పార పట్టేది ఇంకొకరు. జరిమానా నోటీసు భూస్వామి పేరు మీద హైదరాబాదుకో బెంగళూరుకో పోతుంది, డబ్బు మాత్రం కౌలు రైతు జేబులోంచి కడతాం. మాకు కావాల్సింది ల్యాబు, కొలిచే మనిషి, గట్టు పెంచుకోవడానికి సాయం. ఇవి ఇచ్చాక కూడా ఏదైనా సంఘం కావాలని వినకపోతే అప్పుడు సంఘాన్ని అడగండి, మేం కాదనం.

అధ్యక్షులారా, నేను అడిగేది అన్ని సంఘాలూ ఒకేసారి మొదలుపెట్టమని కాదు. ఒక్క డ్రెయిన్ మీద నాలుగైదు సంఘాలు కలిసి ఒక్క సార్వా చేసి చూడండి. చేపలు పట్టే లంకవాళ్లలోంచి ఇద్దర్ని మీటింగుకి పిలవండి. నీళ్లు ఎప్పుడు తేడా కొడతాయో ఏ మీటరు కంటే ముందు వాళ్లకే తెలుస్తుంది. మా డ్రెయిన్‌లో మావులు పెట్టే పెద్దాయన్ని అడిగాను. "పిలిస్తే వస్తాను గానీ, కుర్చీ వేస్తారా?" అన్నాడు.

జూన్‌లో కాలువలు వదిలే ముందు ఎలాగూ సర్వసభ్య సమావేశం పెడతారు. అందులో ఒక అంశంగా దీన్ని రాయించండి. ఆ రోజు నేను పాకలోంచి ఆ బాటిల్ తీసుకుని వస్తాను.

ఇట్లు,
ఒక శివారు రైతు,
కొల్లేటి అంచు